పరిశోధన నుంచి సైన్స్ జర్నలిజంలోకి: తరచుగా అడిగే ప్రశ్నలు

తార్నాక, హబ్సిగూడ, గచ్చిబౌలి వైపు ల్యాబుల్లో ఉన్నవాళ్లు, ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివేవాళ్లు, పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్ చేస్తూ విసిగిపోయినవాళ్లు నన్ను అడిగేవి దాదాపు ఇవే. విడివిడిగా జవాబులు రాసే ఓపిక అయిపోయింది, అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నా. నేను బయోకెమిస్ట్రీ నుంచి ఇటు వచ్చినదాన్ని, కాబట్టి ఉదాహరణలు ఆరోగ్యం వైపు మొగ్గుతాయి. ఫిజిక్స్ వాళ్లు ఏమీ అనుకోకండి.

సైన్స్‌ని మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పడమే కదా ఈ పని?

అది సగం పనే, అందులోనూ తేలికైన సగం. 2020 జులై మొదట్లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నుంచి కొన్ని ఆసుపత్రులకు ఒక లేఖ వెళ్లింది. భారత్ బయోటెక్‌తో కలిసి తయారుచేస్తున్న కరోనా టీకా కోవాగ్జిన్‌ని ఆగస్టు 15 నాటికి జనంలోకి తేవాలనుకుంటున్నాం, ట్రయల్స్ త్వరగా మొదలుపెట్టండి అని దాని సారాంశం. అప్పటికి మనుషుల మీద మొదటి దశ కూడా మొదలు కాలేదు. ఆ వారంలో టీకా ఒంట్లో ఎలా పనిచేస్తుందో బొమ్మలు వేసి చెప్పినవాళ్లున్నారు, మంచిదే. మూడు దశల ట్రయల్ ఆరు వారాల్లో ఎలా పూర్తవుతుందండీ అని అడిగినవాళ్లూ ఉన్నారు. నేను జర్నలిజం అంటున్నది ఆ రెండోదాన్ని.

ఇన్నాళ్లూ మీరు ల్యాబు మనిషి, ఇకనుంచి పాఠకుడి మనిషి. ఈ మార్పు జరిగితే మిగతావన్నీ మెల్లగా నేర్చుకోవచ్చు. జరగకపోతే ఎంత అందంగా రాసినా మీరు రాసేది ప్రెస్ నోటే.

పీహెచ్‌డీ ఉంటేనే రానిస్తారా?

లేదు, న్యూస్‌రూమ్‌లో మీ థీసిస్ ఎవరూ అడగరు. ఎమ్మెస్సీ చాలు, బీటెక్ చాలు, సైన్స్ డిగ్రీయే లేకుండా సైన్స్ బ్రహ్మాండంగా రాసేవాళ్లూ ఉన్నారు. పరిశోధన చేసినవాళ్లకి ఉండే లాభం ఏంటంటే, పరిశోధన పేపర్ చేతికొచ్చినప్పుడు చివర్లో రచయితలు చెప్పుకునే గొప్పల్ని పక్కనపెట్టి నేరుగా మెథడ్స్‌కీ, సప్లిమెంటరీ టేబుళ్లకీ వెళ్లడం అలవాటై ఉంటుంది. ఎంతమంది మీద చేశారు, పోల్చి చూసే కంట్రోల్ గ్రూప్ ఏది, ఎలుకల మీదా మనుషుల మీదా, డబ్బు ఎవరు పెట్టారు అని వెతకడం అన్నమాట. ఇంకోటి, ల్యాబు లోపలి సంగతులు తెలిసి ఉండటం. పేపర్లో చివరి పేరున్న పెద్దాయన ఇంటర్వ్యూ ఇస్తారు, బాగానే మాట్లాడతారు, కానీ అర్ధరాత్రి దాకా కూర్చుని ప్రయోగం చేసింది మొదటి పేరున్న విద్యార్థి. ఏది పనిచేయలేదో, ఏ శాంపిల్ ఎందుకు పారేశారో చెప్పగలిగేది తనే. ఇద్దరికీ ఫోన్ చేయండి.

పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నా. వదిలేసి వచ్చేయనా?

ముందు ఒక విషయం తేల్చుకోండి: గైడ్‌తో పడక వస్తున్నారా, రాయకుండా ఉండలేక వస్తున్నారా? మొదటిదైతే ఆగండి, ఎందుకంటే పత్రికాఫీసులో కూడా గైడ్లు ఉంటారు, వాళ్లని చీఫ్ సబ్ ఎడిటర్ అంటారు, వాళ్లు మీ కాపీని (మీరు రాసిన వార్తని) మీ ముందే సగానికి కోస్తారు.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, పైన ఇంటి అద్దె భత్యం. తెలుగు పత్రికలో ట్రైనీగా చేరితే అంత వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అందుకని ఫెలోషిప్ ఉండగానే సాయంత్రాలు, ఆదివారాలు రాయడం మొదలుపెట్టి, బైలైన్లు (మీ పేరుతో వచ్చిన కథనాలు) కాసిన్ని పోగయ్యాక, థీసిస్ ఇచ్చేయాలా ఆపేయాలా అని ఆలోచించుకోవడం మేలు. మధ్యలో ఆపేస్తే కొంప మునిగిపోదు, కానీ ఆవేశంలో ఆపేసిన వాళ్లని చూశా, మొదటి ఏడాదంతా ఆ కోపమే రాసుకుంటూ కూర్చుంటారు.

రాయడం వచ్చనుకుంటున్నా, కానీ ఎడిటర్ ప్రతిసారీ 'థీసిస్‌లా ఉంది' అంటున్నారు. ఏం మార్చాలి?

ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు, కాబట్టి కాస్త వివరంగా చెప్తా. థీసిస్‌లో ముందు నేపథ్యం, తర్వాత పద్ధతి, ఆ తర్వాత ఫలితం వస్తాయి. పత్రికలో తలకిందులు. ఏం తేలింది, నాకేంటి, ఎంతవరకు నమ్మొచ్చు, ఈ మూడూ మొదటి రెండు పేరాల్లోనే పడిపోవాలి. మీరు చదివిన పాత పేపర్లన్నీ వరసగా చెప్పుకుంటూ వస్తే పాఠకుడు మూడో లైన్‌లో క్రికెట్ పేజీకి వెళ్లిపోతాడు.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. కోవాగ్జిన్ మూడో దశ ఫలితాలు 2021 నవంబర్‌లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చాయి, సమర్థత 77.8 శాతం అని. దీన్ని ఉన్నది ఉన్నట్టు హెడ్డింగ్‌లో పెడితే, నూటికి 78 మందికి టీకా పనిచేస్తుంది, మిగతా 22 మందికి కరోనా వచ్చి తీరుతుంది అని బాగా చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటారు. పేపర్ తెరవండి. టీకా వేసుకున్న 8,471 మందిలో లక్షణాలతో కోవిడ్ వచ్చింది 24 మందికి. ప్లసీబో (టీకా మందు లేని) సూది వేసుకున్న 8,502 మందిలో 106 మందికి. ఈ నాలుగు అంకెలూ పక్కపక్కన పెడితే ఇంటర్ చదివే పిల్లాడికి కూడా విషయం అర్థమవుతుంది, శాతం అంటే ఏమిటో విడిగా పాఠం చెప్పక్కర్లేదు. తర్వాతి వాక్యంలో, అసలు విలువ 65 నుంచి 86 శాతం మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చని పేపరే చెబుతోందని రాయాలి. ఆ తర్వాత ఈ ట్రయల్ ఒమిక్రాన్ రాకముందు జరిగిందని, కాబట్టి ఒమిక్రాన్ గురించి ఇది ఏమీ చెప్పదని కూడా. అంతే, నాలుగు వాక్యాలు. పరిశోధన చేసినవాళ్లే ఈ నాలుగు వాక్యాలు తొందరగా రాయగలరు, ఎందుకంటే ఆ టేబుల్ ఎక్కడుంటుందో వాళ్లకి తెలుసు. కానీ వాళ్లే రాయరు, ఆ 65, 86 లాంటి హద్దుల్ని, అంటే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌ని, వివరిస్తూ ఒక పేరా రాసి పంపిస్తారు.

ఇంకో జబ్బు, ప్రతి వాక్యానికీ 'అయి ఉండవచ్చు', 'సూచిస్తున్నట్టు కనిపిస్తోంది' తగిలించడం. సందేహం ఉంటే ఒక్కసారి, గట్టిగా, కారణంతో సహా చెప్పండి: 'ఇది 30 మంది మీదే చేశారు, కాబట్టి ఇప్పుడే మందు మార్చుకోకండి' అని. 'గమనించబడినది', 'నిర్వహించబడినది' లాంటివి కనిపిస్తే కొట్టేయండి. చేసింది ఎవరో చెప్పి, చేశారు అని రాస్తే చాలు.

సైన్స్‌లోనే ఇంకా తేలని విషయాన్ని ఎలా రాయాలి?

తేలలేదనే రాయాలి, కానీ అక్కడితో ఆపకూడదు. 2020 డిసెంబర్‌లో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, ఇక్కడి జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పురుగుమందుల వైపు చూశారు. ఇలాంటప్పుడు రోజుకో కారణం హెడ్డింగ్ పెట్టి మర్నాడు మార్చడం సులువు. అలా కాకుండా, ఎవరు ఏ శాంపిల్ తీసుకున్నారు, రక్తమా నీళ్లా కూరగాయలా, ఎప్పుడు తీసుకున్నారు, ఒక పదార్థం కనిపించడానికీ అదే కారణం కావడానికీ మధ్య ఇంకా ఏం నిరూపించాలి, ఇవి రాస్తే ఆ కథనం ఏడాది తర్వాత చదివినా నిలబడుతుంది. పరిశోధన చదువు నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే అని నా అభిప్రాయం.

జర్నలిజం కోర్సు చేయాలా?

చేస్తే మంచిది, చేయకపోయినా బతకొచ్చు. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ విభాగం ఉంది. ఈనాడు లాంటి పత్రికలకు సొంత స్కూళ్లున్నాయి, శిక్షణలో భృతి ఇస్తారు, మీ తెలుగుని మాత్రం ఉతికి ఆరేస్తారు, అది మీకు అవసరం కూడా. సైన్స్ మీద ప్రత్యేకంగా కావాలంటే అమెరికాలో శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, లండన్‌లో ఇంపీరియల్ కాలేజీ లాంటివి పేరున్నవి, కానీ అప్పు చేసి వెళ్లేటంత అవసరం నాకైతే కనిపించదు. పిచ్‌లు (ఎడిటర్‌కి కథనం ప్రతిపాదించే మెయిళ్లు) ఎలా రాయాలో, ఇంటర్వ్యూలు ఎలా చేయాలో ది ఓపెన్ నోట్‌బుక్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఎడిటర్లు ఓకే చేసిన అసలు పిచ్‌లే అక్కడ పెట్టారు, ముందు అవి చదవండి.

సైన్స్ వార్తలు కావాలంటే ఢిల్లీ వెళ్లాలి కదా?

ఉప్పల్ మెట్రో ఎక్కండి. ఒక స్టేషన్ పేరే ఎన్‌జీఆర్‌ఐ, అంటే భూభౌతిక పరిశోధన సంస్థ. ఆ రోడ్డు మీదే జీవకణాల మీద పనిచేసే సీసీఎంబీ, తార్నాకలో రసాయనాల ఐఐసీటీ, ఆ పక్కనే పోషకాహార సంస్థ, ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరీక్షల సీడీఎఫ్‌డీ. అత్తాపూర్‌లో వన్యప్రాణుల డీఎన్‌ఏ చూసే ల్యాకోన్స్, బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాల ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ప్రగతినగర్‌లో సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్, పటాన్‌చెరులో 1972 నుంచి మెట్ట పంటల ఇక్రిశాట్, శామీర్‌పేట వైపు టీకా కంపెనీలు. దేశంలో ఇన్ని ల్యాబులు ఒకే సిటీలో ఉన్న చోట్లు తక్కువే. కొరతంతా ల్యాబులకి వెళ్లి ప్రశ్నలడిగే రిపోర్టర్లదే.

2024 డిసెంబర్ 4న పొద్దున్నే ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది, హైదరాబాద్‌లో కూడా తెలిసింది. ఆ రోజు అన్ని చానళ్లూ ఫ్యాన్లు ఊగిన వీడియోలు వేసుకుంటాయి, అది వాళ్ల పని. మీ పని మర్నాడు మొదలవుతుంది. గోదావరి లోయ కింద పాత పగుళ్లున్నాయని, 1969లో భద్రాచలం దగ్గర ఇంతకంటే కాస్త పెద్దదే వచ్చిందని ఎన్‌జీఆర్‌ఐలో ఎవరిని అడిగినా చెబుతారు. అక్కడి నుంచి, ఆ లోయలో ఎన్ని సీస్మోమీటర్లున్నాయి, కొత్త అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు దీన్ని ఎవరు పట్టించుకుంటున్నారు అని వెళ్తే మూడు మంచి కథనాలు. 'మళ్లీ సాయంత్రం పెద్దది వస్తుంది' అని వాట్సాప్‌లో ఎవరైనా పంపిస్తే, భూకంపం ఫలానా రోజు వస్తుందని ముందే చెప్పే పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదని రెండు లైన్లలో రాస్తే అదీ ఒక వార్తే.

ప్రభుత్వ సంస్థ సమాచారం ఇవ్వనంటే ఆర్టీఐ వేయండి, పది రూపాయలు, ముప్పై రోజుల గడువు. మందుల ట్రయల్ గురించి రాస్తుంటే ట్రయల్స్ వివరాలు నమోదు చేసే సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో ఆ ట్రయల్ నంబర్ కొట్టి చూడటం మానొద్దు. 2009 జూన్ 15 నుంచి మన దేశంలో ట్రయల్స్ అక్కడ నమోదు చేయడం తప్పనిసరి. ముందు ఏం కొలుస్తామన్నారో, పేపర్లో ఏం కొలిచామన్నారో పోల్చి చూస్తే ఒక్కోసారి అసలు కథ అక్కడే దొరుకుతుంది.

పిచ్ అంటే ఏంటి? నా వ్యాసం మొత్తం రాసి పంపేస్తే?

మొత్తం రాసి పంపితే ఎడిటర్ చదవడు, పాపం వాళ్లకి టైం ఉండదు. పిచ్ అంటే ఏం రాయబోతున్నారో అరపేజీలో చెప్పే మెయిల్. 'కిడ్నీ వ్యాధులపై వ్యాసం రాయాలని ఉంది' అన్నది పిచ్ కాదు, టాపిక్. 'ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి ఇన్నేళ్లయినా కచ్చితమైన కారణం దొరకలేదు. నీళ్లు, లోహాలు, పురుగుమందులు, ఎండలో పని, ఒక్కో అనుమానాన్ని పరిశోధకులు ఎంతవరకు తేల్చారో, ఏది ఎందుకు పక్కనపెట్టారో రాస్తాను. ఫలానా ఇద్దరు నెఫ్రాలజిస్టులు మాట్లాడతామన్నారు, డయాలసిస్ సెంటర్‌కి వెళ్లి వస్తాను, 1,200 పదాలు, నెలాఖరుకి ఇస్తాను' అన్నది పిచ్. ఇందులో ఇప్పుడే ఎందుకు రాయాలో కూడా ఒక లైన్ ఉంటే ఇంకా మంచిది. వారం పది రోజులు జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి, ఆ తర్వాత వేరేవాళ్లకి పంపుకోండి, బాధపడుతూ కూర్చోకండి.

సైంటిస్టు 'వేసేముందు నాకు పంపు' అంటే పంపాలా?

ఈ ఒక్క ప్రశ్నకి నా దగ్గరున్నది ఒకటే జవాబు, మార్చను కూడా. మొత్తం కాపీ పంపకూడదు. వాళ్లు పెద్దవాళ్లు, మనకి పాఠాలు చెప్పినవాళ్లు, 'చూడమ్మా, తప్పులుంటే దిద్ది పంపిస్తా' అని ప్రేమగానే అంటారు, కాదనడం ఇబ్బందే. నేను ఇలా చెప్తా: 'సార్, కాపీ పంపడానికి మాకు వీల్లేదు. మీరు చెప్పిన మాటలు, అంకెలు ఫోన్‌లో చదివి వినిపిస్తాను, తప్పుంటే అక్కడే దిద్దుకుందాం.' తొంభై శాతం మంది ఒప్పుకుంటారు, కొందరు ఈ పద్ధతి నచ్చి మళ్లీ వాళ్లే ఫోన్ చేస్తారు. కాపీ చేతికిస్తే ఏమవుతుందంటే, అంకెలు దిద్దరు, 'ఈ పక్క ల్యాబు ఆయన విమర్శ తీసేస్తే బాగుంటుంది' అని దిద్దుతారు.

మా గైడ్ పని మీద రాయొచ్చా? చాలా మంచి పేపర్ వచ్చింది.

రాయకండి. ఎంత మంచిదైనా. మీ పాత సంస్థ మీద రాయాల్సి వస్తే మీకు అక్కడ సంబంధం ఉందని ఎడిటర్‌కి ముందే చెప్పండి, వద్దంటే వేరేవాళ్లకి వదిలేయండి.

ప్రీప్రింట్ మీద వార్త రాయొచ్చా?

రాయొచ్చు, కానీ అది ఇంకా ఎవరూ సమీక్షించని పేపర్ అని పైనే చెప్పాలి, సంబంధం లేని ఇద్దరు నిపుణులకి చూపించాలి. 2020 జనవరి 31న ప్రీప్రింట్లు పెట్టే బయోఆర్కైవ్ వెబ్‌సైట్‌లో మన దేశం నుంచే ఒక ప్రీప్రింట్ వచ్చింది, కరోనా వైరస్‌లో హెచ్‌ఐవీని పోలిన ముక్కలున్నాయని. ప్రపంచమంతా తిరిగింది, రెండు మూడు రోజుల్లో రచయితలే వెనక్కి తీసుకున్నారు. ఆ ముక్కలు ఎంత చిన్నవంటే వేరే వైరస్‌లలో కూడా కనిపిస్తాయని ఏ వైరాలజిస్టుకి ఫోన్ చేసినా చెప్పేవారు. అలాగని జర్నల్‌లో వచ్చింది కదా అని నిద్రపోవద్దు. అదే ఏడాది మే 22న మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద లాన్సెట్‌లో వచ్చిన పేపర్‌ని, దాని వెనకున్న డేటాని సరిచూసుకునే వీల్లేదని జూన్ 4కల్లా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఎంబార్గో అంటే?

పేపర్ ముందుగానే మీకు ఇస్తారు, ఫలానా టైం దాకా వేయకూడదన్న షరతుతో. నేచర్ పత్రిక పేపర్లకైతే అది సాధారణంగా బుధవారం లండన్ టైం సాయంత్రం నాలుగు, అంటే మనకి చలికాలంలో రాత్రి తొమ్మిదిన్నర, వాళ్ల వేసవిలో ఎనిమిదిన్నర. ఆ టైం దాటగానే వేసేయొచ్చు. ముందే వేస్తే, ఇలా ముందుగా పేపర్లు పంపే లిస్టులోంచి మిమ్మల్ని తీసేస్తారు.

తెలుగులో రాస్తే తిండి దొరుకుతుందా, లేక ఇంగ్లిష్‌కే వెళ్లాలా?

నిజం చెప్పాలంటే ఒక్కో కథనానికి డబ్బు ఇంగ్లిష్‌లోనే ఎక్కువ. మోంగాబే ఇండియా, నేచర్ ఇండియా, డౌన్ టు ఎర్త్ లాంటివాటికి బయటివాళ్లూ రాయొచ్చు. తెలుగులో ఉద్యోగం దొరికితే అది ఎక్కువగా డెస్క్ ఉద్యోగం. సైన్స్‌తో పాటు బడ్జెట్ కాపీ, వర్షాల కాపీ అన్నీ దిద్దాలి, రాత్రి షిఫ్టులు తప్పవు. చదివేవాళ్లు మాత్రం తెలుగులోనే ఎక్కువ, మీరు రాసింది మీ ఊళ్లో చదువుతారు. 'నేను రెండింటిలోనూ రాస్తా, ఇంగ్లిష్‌లో వచ్చిన డబ్బుతో తెలుగులో రాస్తా' అని మీరన్నా తప్పు లేదు. తెలుగులో రాసేటప్పుడు పాఠకుడికి ఏమీ తెలియదనుకోకండి. ఉద్దానంలో కొబ్బరి రైతుకి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే అంకె) ఎంతుంటే ప్రమాదమో మీకంటే బాగా తెలుసు.

ఫ్రీలాన్స్ అయితే రేటు, ఎన్ని పదాలు, వేయకపోతే ఎంతిస్తారు, ఎప్పుడిస్తారు, ఈ నాలుగూ ఒప్పుకునే ముందే మెయిల్‌లో రాయించుకోండి. ఒక పత్రిక వానాకాలంలో వేసిన కథనానికి నాకు సంక్రాంతి దాటాక డబ్బులిచ్చింది. పది శాతం టీడీఎస్ కోస్తారు, పాన్ ఇచ్చి, రిటర్న్స్ వేసి, పన్ను అంత పడకపోతే వెనక్కి తెచ్చుకోండి. చాలామంది బద్ధకించి వదిలేస్తారు.

సంస్థల్లో కమ్యూనికేషన్ ఆఫీసర్ ఉద్యోగాలు వస్తున్నాయి. అవి చేరొచ్చా?

నిక్షేపంగా. జీతం నయం, శనాదివారాలు సెలవు, మీ చదువుకి విలువ. కాకపోతే అక్కడ మీరు ఆ సంస్థ మనిషి, దాని మంచి చెప్పడమే మీ పని. అదీ గౌరవమైన పనే. అది చేస్తూ అదే సంస్థ మీద పత్రికలకు స్వతంత్రంగా రాస్తానంటే మాత్రం కుదరదు.

ఏఐతో పేపర్‌ని కుదించి రాసేస్తే సరిపోదా?

పేపర్‌ని అది కుదించి ఇస్తుంది, ఒక్కోసారి పేపర్లో లేనివి కూడా కలిపి. మొదటి రచయితకి ఫోన్ చేసి 'ఏ శాంపిల్ పారేశారు?' అని మాత్రం అడగదు.

ఇంట్లో 'ఇంత చదివి పేపరాఫీసులో పనా' అంటున్నారు. ఏం చెప్పాలి?

మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకి 'సైంటిస్టుల దగ్గర పనిచేస్తుంది' అని చెప్పి నెట్టుకొస్తోంది. నేను దిద్దడం మానేశా. మీ పేరుతో మొదటి కథనం ఆదివారం వచ్చిన రోజు నాన్నగారు పక్కింటివాళ్లకి చూపిస్తారు, తర్వాత జీతం ఎంతని అడుగుతారు. జీతం సంగతి మాత్రం ముందే నిజం చెప్పేయండి.

నేను రాసింది పంపిస్తే చూస్తారా?

చూస్తా, 800 పదాలు దాటకుండా ఉంటే. థీసిస్ చాప్టర్లు, వైవా ప్రెజెంటేషన్లు పంపొద్దు. కనీసం ఇద్దరితో మాట్లాడి రాసినదై ఉండాలి, అందులో ఒకరైనా ఆ పేపర్‌తో సంబంధం లేనివాళ్లై ఉండాలి, వాళ్ల పేర్లు, ఎప్పుడు మాట్లాడారో కింద రాయండి. దసరా, సంక్రాంతి సెలవుల్లో పంపితే జవాబు ఆలస్యమవుతుంది.